చంటిపిల్లలతో వియన్నాకా, రోమ్‌కా, ప్రాగ్‌కా?

పోయిన నెల మా తోటికోడలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, మే నెలలో పది రోజులు సెలవు దొరికింది. పెద్దదానికి ఐదేళ్ళు నిండాయి, చిన్నోడికి రెండు దాటింది. మీ దగ్గర రెండు రోజులుండి, తర్వాత ఒక్కటే ఊరు తీరిగ్గా చూసి వెళ్దామనుకుంటున్నాం. పాత ఊరు కావాలి. కోటలు, చర్చిలు, రాజుల కథలు ఉన్న ఊరు. రోమ్ వెళ్ళమంటావా, వియన్నానా, ప్రాగా?"

మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఈ మూడు ఊళ్ళూ పిల్లల్ని వేసుకుని తిరిగినవాళ్ళం. రోమ్‌కైతే రెండుసార్లు వెళ్ళాం. మొదటిసారి మా పెద్దోడికి ఇరవై నెలలు, రెండోసారి వాడికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడు. అందుకే టక్కున ఒక పేరు చెప్పలేదు. "మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా చిన్నోడు ఎక్కడ పడుకుంటాడు?" అని అడిగాను.

తను నవ్వింది. నేను మాత్రం నిజంగానే అడిగాను. పొద్దున్న ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఏ ఊళ్ళోనైనా పిల్లలు హుషారుగానే ఉంటారు. కడుపు నిండుగా ఉంటుంది, ఎండ ఎక్కి ఉండదు, కనిపించినదల్లా వింతే. ఒంటిగంట కొట్టేసరికి నిద్ర, ఆకలి, ఎండ, డైపర్ నాలుగూ ఒకేసారి మీద పడతాయి. ఆ మూడు గంటలు సాఫీగా గడిస్తే సాయంత్రం మళ్ళీ మనదే. గడవకపోతే ఎంత గొప్ప కట్టడం ముందు నిలబడ్డా పిల్లాడి ఏడుపే గుర్తుంటుంది. కాబట్టి స్ట్రోలర్ వయసు పిల్లలుంటే ముందు ఊరి దారులు చూడండి, లిఫ్టులు చూడండి, పది నిమిషాల నడకలో చెట్టు నీడ, నీళ్ళ కుళాయి, టాయిలెట్ దొరుకుతాయో లేదో చూడండి. కట్టడాల సంగతి ఆ తర్వాత. మూడు ఊళ్ళలోనూ అవి కావలసినన్ని ఉన్నాయి.

నా లెక్క ముందే చెప్పేస్తాను. ఇంట్లో ఒక్కరైనా నాలుగేళ్ళ లోపు ఉంటే వియన్నా. అందరూ ఐదు దాటి, కథ చెబితే వినే వయసుకొచ్చి ఉంటే రోమ్, అప్పుడు దానికి సాటి వచ్చేది లేదు. ప్రాగ్ అందమైన ఊరే, ఖర్చు కూడా తక్కువ, కానీ ఎత్తుపల్లాలకు ఓపిక ఉండాలి. ఇలా ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

వియన్నా: చక్రాలు దొర్లే ఊరు

పాత ఊరంటే ఇరుకు సందులు, ఎగుడుదిగుడు రాళ్ళు అనుకుంటాం. వియన్నా నడిబొడ్డు అలా లేకపోవడానికి ఒక కారణం ఉంది. 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి ఊరి చుట్టూ ఉన్న కోటగోడల్ని పడగొట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ గోడలున్నచోట, వాటి ముందున్న ఖాళీ మైదానంలో రింగ్‌స్ట్రాసె అనే వెడల్పాటి రోడ్డు వేశారు. 1865లో దాన్ని తెరిచారు. దాని వెంబడి మ్యూజియంలు, ఒపేరా, సిటీ హాలు, మధ్యమధ్యలో పార్కులు వచ్చాయి. అంటే ఊరి మధ్యలో ఎక్కడున్నా, ఏ దిక్కుకు నడిచినా కాసేపట్లో ఏదో ఒక పార్కులో తేలతాం. స్టాట్‌పార్క్‌లోనూ, సిటీ హాలు ముందున్న రాట్‌హౌస్‌పార్క్‌లోనూ పిల్లల ఆటస్థలాలున్నాయి. నూట అరవై ఏళ్ళ కిందట చక్రవర్తి పడగొట్టించిన గోడల వల్ల ఈ రోజు మన పిల్లాడు చెట్టు కింద స్ట్రోలర్‌లో పడుకుంటున్నాడన్నమాట.

మెట్రో స్టేషన్లన్నింటికీ లిఫ్టులున్నాయి. ఇప్పటి ట్రాముల్లో గచ్చు దాదాపు ప్లాట్‌ఫామ్ ఎత్తులోనే ఉంటుంది, ఒక్కరే స్ట్రోలర్ ఎక్కించెయ్యొచ్చు. తలుపుల దగ్గర దాన్ని నిలబెట్టుకునే చోటు వేరుగా గుర్తుపెట్టి ఉంటుంది. ఆరేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. ఒక్కరోజు తిరిగితే చాలు, ఇవన్నీ ఎంత ఆదుకుంటాయో తెలుస్తుంది. స్ట్రోలర్ మడిచి, పిల్లాణ్ణి చంకనెత్తుకుని, బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగే పని రోజుకు పదిసార్లు తప్పుతుంది.

షోన్‌బ్రున్ రాజభవనానికి రెండు రోజులు కేటాయించమని చెప్తాను. చాలామంది ఒక పూటలో లోపలి గదులన్నీ చూసేసి బయటపడతారు. చంటిపిల్లలతో మాత్రం తోట నుంచి మొదలుపెట్టాలి. తోటలోకి ప్రవేశం ఉచితం. పొడవాటి నడకదారులు, కత్తిరించి గోడల్లా పెంచిన చెట్లు, పిల్లలు పరిగెత్తినా ఎవరూ ఏమీ అనరు. తోటలోనే జూ ఉంది. 1752లో మొదలైన ఈ జూ ఇప్పటిదాకా నడుస్తున్నవాటిలో ప్రపంచంలోకెల్లా పాతది. ఆరేళ్ళ లోపు పిల్లలకు అక్కడా టికెట్ లేదు. అప్పట్లో రాజకుటుంబం కూర్చోవడానికి జూ మధ్యలో కట్టిన మండపం ఇప్పుడు కాఫీ హోటల్. మా పెద్దోడు రెండున్నరేళ్ళప్పుడు ఆ మండపం పక్కనే స్ట్రోలర్‌లో గంటన్నర నిద్రపోయాడు. మేమిద్దరం వేడి కాఫీ వేడిగానే తాగాం. పిల్లలున్నవాళ్ళకు దాని విలువ తెలుసు.

రెండో రోజు అక్కడి పిల్లల మ్యూజియం. రాజకుమారుడిలా, రాజకుమారిలా బట్టలు వేసుకోవచ్చు, రాజుగారి భోజనం బల్ల సర్దొచ్చు. తోటలో పొదల చిక్కుదారి ఉంది, దాని పక్కనే ఆటస్థలం. ఐదేళ్ళ పిల్లకు భవనం లోపలి నలభై గదులకన్నా ఆ ఒక్క గౌను ఎక్కువ. పెద్దవాళ్ళకు గదులు చూడాలని ఉంటే ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి రండి.

వాన పడితే నేచురల్ హిస్టరీ మ్యూజియం. పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళకు ఉచితం. మంగళవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. డైనోసార్ల గదిలో అస్థిపంజరాల మధ్య ఒక అలోసారస్ బొమ్మ ఉంది, అది కదులుతుంది, తల తిప్పుతుంది, అరుస్తుంది. మా వాడు మొదట నా చీర కొంగులో తల దూర్చేశాడు. కాసేపటికి ఒక కన్ను బయటపెట్టి చూశాడు. పావుగంట తర్వాత వాణ్ణి అక్కణ్ణుంచి కదిలించడం మా వల్ల కాలేదు. చిన్నపిల్లలు భయపడతారనుకుంటే ముందు ఏనుగులు, ఎలుగుబంట్లు ఉన్న గదులు చూపించి, ఆ తర్వాత అక్కడికి తీసుకెళ్ళండి.

ప్రాటర్ అనే పెద్ద పార్కులో 1897 నాటి జెయింట్ వీల్ ఉంది. ఎత్తు 65 మీటర్లకు కొంచెం తక్కువ. చెక్క గదుల్లాంటి పెట్టెలు, చాలా నెమ్మదిగా తిరుగుతుంది, మన తిరునాళ్ళలో రంగులరాట్నంలా గుండె జారిపోదు. దగ్గర్లోనే 1928 నుంచి నడుస్తున్న బుల్లి రైలు ఉంది, చెట్ల మధ్య తిప్పి తీసుకొస్తుంది. ఊరి మధ్యలోని స్టీఫెన్స్ చర్చిలో మనం ఎక్కగలిగే గోపురాలు రెండు. దక్షిణం వైపు దానికి 343 మెట్లు, ఉత్తరం వైపు దానికి లిఫ్ట్ ఉంది. ఏది ఎక్కాలో మీకే తెలుస్తుంది.

లోట్లు లేవని కాదు. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్న కొన్ని మాత్రమే తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రమే పాలు, పెరుగు, డైపర్లు తెచ్చిపెట్టుకోవాలి. పాత కాఫీ హోటళ్ళలో అందరూ పేపరు చదువుకుంటూ గుసగుసగా మాట్లాడుకుంటారు, పిల్లాడు చెంచాతో బల్ల మీద కొడితే తలలు తిరుగుతాయి. ఇంకొకటి, వియన్నాలో చరిత్ర ఎక్కువగా అద్దాల వెనకాల, తాడు కట్టిన గదుల్లో ఉంటుంది. కూలిన గోడ ఎక్కి, పాత రాయి చేత్తో తడిమి చూసే అవకాశం తక్కువ. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఇది పెద్ద లోటే.

రోమ్: వయసు కుదిరితే దీన్ని మించింది లేదు

మొదటిసారి రోమ్ వెళ్ళినప్పుడు జూన్ నెల, పిల్లాడికి ఇరవై నెలలు. తేలిగ్గా ఉంటుందని చిన్న చక్రాల స్ట్రోలర్ తీసుకెళ్ళాం. పాత రోమ్ వీధుల్లో పరిచినవి సాంపియెత్రీని అనే నల్లటి అగ్నిశిల రాళ్ళు, పిడికిళ్ళు పక్కపక్కన పేర్చినట్టుంటాయి. రాయికీ రాయికీ మధ్య సందు. మా స్ట్రోలర్ ముందు చక్రం సరిగ్గా ఆ సందులో ఇరుక్కునేది. తోస్తే ముందుకు పడేది. వెనక్కి తిప్పి లాగాల్సి వచ్చేది. పిల్లాడికి నిద్రపట్టిన ప్రతిసారీ ఒక రాయి అదిరించి లేపేసేది. మూడో రోజుకు స్ట్రోలర్‌ను గదిలోనే వదిలేసి మా ఆయన వాణ్ణి భుజాన వేసుకున్నారు. పన్నెండు కిలోల పిల్లాడు, ముప్ఫై మూడు డిగ్రీల ఎండ.

మెట్రో కూడా అక్కరకు రాలేదు. రోమ్‌లో ఎక్కడ తవ్వినా పాత ఊరు బయటపడుతుంది, అందుకే అంత పెద్ద ఊరికి మెట్రో లైన్లు మూడే. పాత స్టేషన్లు లిఫ్టుల ఆలోచన లేని కాలంలో కట్టినవి, చాలాచోట్ల మెట్లు తప్పవు. పదేళ్ళ లోపు పిల్లలకు బస్సు, మెట్రో ఉచితమే గానీ, టికెట్టు లేకపోవడం మోకాళ్ళకు ఊరట కాదు. ఇక రాత్రి భోజనం. చాలా హోటళ్ళు ఏడు, ఏడున్నర దాటాక తెరుస్తారు. అప్పటికి మా వాడు సగం నిద్రలో ఉండేవాడు.

నాలుగేళ్ళ తర్వాత వెళ్ళిన రోమ్ వేరు. ఊరు అదే, పిల్లల వయసు మారింది.

ఆరేళ్ళవాడికి ఊరంతా ఆటస్థలమే. వీధి వీధికీ నాసోనీ అనే ఇనప కుళాయిలుంటాయి, ఊళ్ళో దాదాపు 2,500 ఉన్నాయి, 1874 నుంచి పెడుతూ వచ్చారు. చల్లటి మంచినీళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. ముక్కులా వంగిన గొట్టానికి పైన చిన్న చిల్లు ఉంటుంది. కింద కారే చోట వేలు అడ్డం పెడితే నీళ్ళు ఆ చిల్లులోంచి పైకి చిమ్ముతాయి, నోరు పెట్టి తాగెయ్యొచ్చు. ఒక ముసలాయన ఆగి మా వాడి వేలు పట్టుకుని ఎలా పెట్టాలో చూపించాడు. ఆ రోజు నుంచి కనిపించిన ప్రతి కుళాయి దగ్గరా ఆగాల్సిందే. చెల్లెలికి వాడే నేర్పాడు. ఇద్దరి చొక్కాలూ తడిసిపోయేవి, ఎండకు అవే ఆరిపోయేవి.

పాంథియన్ హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, దాదాపు 1,900 ఏళ్ళ కిందట కట్టిన గుడి. గుమ్మటం 43 మీటర్ల వెడల్పు, నడినెత్తిన తొమ్మిది మీటర్ల దాకా ఉండే గుండ్రటి రంధ్రం. అక్కణ్ణుంచి ఎండ ఒక వలయంలా దిగి గోడల మీద, నేల మీద పాకుతుంది. వాన కూడా లోపలే పడుతుంది. ఆ నీళ్ళు పోవడానికి గచ్చులో సన్నటి చిల్లులు తొలిచారు. మా వాడు నేల మీద మోకాళ్ళూని ఆ చిల్లులు లెక్కపెట్టాడు. చిన్నది ఎండ వలయంలో నిలబడి, అది జరిగినప్పుడల్లా తనూ జరిగింది. పెద్దవాళ్ళం గుమ్మటం చూస్తుంటే పిల్లలు గచ్చు చూశారు, అందరం ఒకే కట్టడం చూశాం. 2023 నుంచి టికెట్ పెట్టారు, పద్దెనిమిది లోపు వాళ్ళకు ఉచితం. కొలోసియంలోనూ పద్దెనిమిది లోపు ఉచితమే. కానీ ఉచిత టికెట్టైనా ముందే బుక్ చేసుకుని టైము తీసుకోవాలి. ఇది తెలియక పెద్దలిద్దరికే తీసుకుని గేటు దగ్గర ఇబ్బంది పడేవాళ్ళుంటారు.

కొలోసియం చూశాక పక్కనే ఉన్న ఫోరమ్, అంటే పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు కూడా అదే పూట ముగించేద్దామనుకోవద్దు. అక్కడ నీడ తక్కువ, పరిచిన రాళ్ళు బండల్లాంటివి. మర్నాడు పొద్దున్నే వెళ్ళండి. లేదా మానేసి లార్గో అర్జెంతీనా అనే కూడలికి వెళ్ళండి. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌ను పొడిచి చంపింది అక్కడే. ఇప్పుడు ఆ శిథిలాల మధ్య పిల్లుల్ని సాకుతున్నారు. కూలిన స్తంభం మీద ఒక పిల్లి ఎండలో ముడుచుకుని పడుకుని ఉంటుంది. పిల్లలకు సీజర్ కథ చెప్పడానికి అంతకన్నా మంచి చోటు నాకు కనబడలేదు.

జనీకులం గుట్ట మీద రోజూ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు, 1904లో అక్కడ మొదలైన ఆనవాయితీ ఇది. ముందే వెళ్ళి గోడ దగ్గర నిలబడితే కింద సైనికులు ఫిరంగి బయటికి తియ్యడం కనిపిస్తుంది. చిన్నదాని చెవులు మాత్రం ముందే మూయండి.

మధ్యాహ్నాలకు విల్లా బోర్గేసే. పెద్ద పార్కు, చెట్ల నీడ, చెరువులో పడవలు, ఒక పక్క జూ. కాస్త కిందికి, పియాజ్జా దెల్ పోపొలో వైపు, ఎక్స్‌ప్లోరా అనే పిల్లల మ్యూజియం ఉంది, దానికి టైము ముందే బుక్ చేసుకోవాలి. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి గుమ్మటం పిల్లలతో ఎక్కొద్దంటాను. లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 మెట్లు మిగులుతాయి, పైకి పోయేకొద్దీ దారి ఇరుకు, పిల్లాడు ఎత్తుకోమంటే వంగడానికి కూడా చోటుండదు. కింద చర్చి చూస్తే చాలు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలుండాలి. సల్వార్ కమీజ్ వేసుకునేవాళ్ళకు ఆ బెంగ లేదు.

ఇంత చెప్పినా సరే, రెండేళ్ళవాడితో రోమే వెళ్తాం అంటారా? అయితే పెద్ద చక్రాల స్ట్రోలర్ లేదా మంచి బేబీ క్యారియర్ తీసుకెళ్ళండి. గది ప్రాతీ పేటలో తీసుకోండి. 1870 తర్వాత, రోమ్ కొత్త ఇటలీకి రాజధాని అయ్యాక కట్టిన పేట అది. వీధులు తిన్నగా, వెడల్పుగా ఉంటాయి, నేల చదును, వాటికన్ నడక దూరం. ట్రాస్తెవెరె అనే పాత పేట ఫోటోల్లో ముద్దుగా ఉంటుంది, సాయంత్రం ఒక గంట చూసి రండి. గది మాత్రం అక్కడ వద్దు, రాత్రి చాలాసేపు కిటికీ కింద జనం సందడి తగ్గదు.

ప్రాగ్ గురించి కొంచెం

ప్రాగ్‌ను తక్కువ చెయ్యడం లేదు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ట్రాము, మెట్రో ఉచితం. వియన్నాతో పోలిస్తే గదులూ, తిండీ చవక. పాత ఊరి కూడలిలో 1410 నాటి గడియారం ఉంది, పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి పదకొండు దాకా గంట గంటకీ కిటికీలు తెరుచుకుని క్రీస్తు పన్నెండుగురు శిష్యుల బొమ్మలు వరసగా కదులుతాయి. ఒక మూల అస్థిపంజరం గంట లాగుతుంది. ఆట నిమిషంలోపే ముగుస్తుంది, కాబట్టి గుంపు వెనకాల నిలబడితే పిల్లలకు తలలు తప్ప ఏం కనబడదు, భుజాలకెత్తుకోవాల్సిందే. గడియారమున్న గోపురానికి లిఫ్ట్ ఉంది. చార్లెస్ వంతెన 1357లో మొదలుపెట్టింది, సున్నంలో కోడిగుడ్లు కలిపి కట్టారని అక్కడివాళ్ళ కథ. మన పాత కట్టడాల సున్నంలో బెల్లం, గుడ్డుసొన కలిపేవాళ్ళని విన్నవాళ్ళమే కదా, పిల్లలకు బాగా ఎక్కింది. ఏడు గంటలకల్లా వంతెన మీదికి వెళ్ళండి, పది దాటితే స్ట్రోలర్ తొయ్యడానికి సందుండదు.

ఇబ్బందల్లా గుట్టలే. కోట పైన, ఊరు కింద. 22వ నంబరు ట్రాము ఎక్కి పైకి వెళ్ళి, కిందికి నడిచి రావాలి, అదీ రాళ్ళ దారే. ట్రాముల్లో కొన్ని ఇంకా ఎత్తు మెట్ల పాతవి. మెట్రోలో ఎస్కలేటర్లు మనవాటికన్నా వేగంగా తిరుగుతాయి, పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకోవాలి. త్రోయా పేటలోని జూ చాలా పెద్దది, చాలా బాగుంటుంది, సగం కొండ మీదే. ప్రాగ్ ఉన్న చెక్ దేశంలో డబ్బు కొరునా, యూరో కాదు. దారిలో కనబడే మార్పిడి దుకాణాల్లో మార్చకుండా కార్డు వాడుకోండి. నాలుగు రోజులకైతే ప్రాగ్ సరిపోతుంది, నడిచే పిల్లలైతే ఇంకా బాగుంటుంది.

తిండి: ఇక్కడ రోమ్‌దే పైచెయ్యి

తిండి దగ్గరికొస్తే నా లెక్క తారుమారవుతుంది. మన పిల్లలకు రోమ్ అంత సులువైన ఊరు లేదు. వట్టి టమాటా పాస్తా, ముక్కలుగా కోసి తూకానికి అమ్మే పిజ్జా, పైన ఏమీ లేని పిజ్జా బియాంకా ఏ మూలైనా దొరుకుతాయి. కారం ఉండదు, మెత్తగా ఉంటుంది. అక్కడి రిజోట్టో బియ్యం వండితే జిగురుగా ముద్దవుతుంది, పొడి అన్నం ఇష్టపడే పెద్దలకు నచ్చదు గానీ చంటిపిల్లల పెరుగన్నానికి దానికన్నా మంచిది లేదు. రోమ్ పెద్ద రైల్వే స్టేషన్ దగ్గర ఎస్క్విలీనో మార్కెట్లో కరివేపాకు, బెండకాయలు, పప్పులు కూడా దొరుకుతాయి. పూర్తి శాకాహారులు రెండు సంగతులు తెలుసుకోవాలి. పార్మెజాన్ చీజ్‌ను దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో తోడేస్తారు. సుప్లి అనే వేయించిన అన్నం ఉండల్లో చాలాసార్లు మాంసం ఉంటుంది, అడిగి తీసుకోండి.

వియన్నాలో కైజర్‌ష్మారెన్ అని ఒకటుంది, మందపాటి తీపి అట్టును ముక్కలు చేసి పళ్ళ గుజ్జుతో పెడతారు, గుడ్డు తినే పిల్లలకు అదే భోజనం. సూపులు చాలావరకు గొడ్డుమాంసం మరగబెట్టిన నీళ్ళతో చేసినవి. పైకి కూరగాయలే కనబడినా అడగాలి. ప్రాగ్‌లో మాంసం ఇంకా ఎక్కువ, అయితే తూకానికి అమ్మే శాకాహార భోజనశాలలు బియాస్ ధాబా పేరుతో ఊళ్ళో కొన్నిచోట్ల ఉన్నాయి, పప్పూ అన్నం దొరుకుతాయి.

ఇంటి నుంచి ఏం తేవచ్చని అందరూ అడుగుతారు. బయటి దేశాల నుంచి పాలపదార్థాలు, మాంసం తేవడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. అంటే నెయ్యి సీసా, పాలకోవా వద్దు. ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేని చంటిపిల్లల పాలపొడి, పిల్లల ఆహారం మాత్రం మనిషికి రెండు కిలోల దాకా తెచ్చుకోవచ్చు. కారప్పొడి, కందిపొడి, ఉగ్గుపిండి, చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ తెచ్చుకుంటే మిగతావన్నీ ఇక్కడే దొరుకుతాయి. వెన్న కొని కాచుకుంటే ఇరవై నిమిషాల్లో నెయ్యి.

హోటలా, అపార్ట్‌మెంటా

మూడు రాత్రులకైతే హోటల్. అంతకు మించితే, డైపర్ల పిల్లలుంటే, వంటగదీ వాషింగ్ మెషినూ ఉన్న అపార్ట్‌మెంట్. ఇందులో నాకు సందేహం లేదు. రాత్రి రెండింటికి పాలు వేడిచేసుకోవడానికి రిసెప్షన్‌కు ఫోన్ చెయ్యాల్సిన పని ఉండదు.

బుక్ చేసేముందు లిఫ్ట్ సంగతి విడిగా రాసి అడగండి. వియన్నా పాత ఇళ్ళలో మొదటి అంతస్తు అంటే మన మొదటి అంతస్తు కాకపోవచ్చు. కింది అంతస్తు తర్వాత హోఖ్‌పార్తెర్, మెత్సానీన్ అని ఇంకో రెండు వరసలుండి, ఆ తర్వాత ఒకటి మొదలయ్యే ఇళ్ళున్నాయి. లిఫ్ట్ ఉన్నా అర వరస మెట్లెక్కాకే దాని తలుపు వస్తుంది. రోమ్‌లో పాత ఇళ్ళకు తర్వాతెప్పుడో తగిలించిన లిఫ్టులు బీరువా అంత ఉంటాయి, స్ట్రోలర్ మడిస్తేనే పడుతుంది. వేసవిలో వస్తే ఏసీ ఉందా అని కూడా అడగండి, వియన్నాలోనూ ప్రాగ్‌లోనూ చాలా ఇళ్ళకు ఉండదు. జులై, ఆగస్టుల్లో పిల్లలతో రోమ్ మాత్రం వద్దు. మే, సెప్టెంబరు చివర మూడింటికీ మంచివి.

వీసా

ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే అప్లై చెయ్యాలి. మా తోటికోడలు వాళ్ళు దిగేది జర్మనీలోనే, అయినా వియన్నాలో ఎక్కువ రోజులుంటే ఆస్ట్రియా వీసా తీసుకోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. అప్పటిదాకా ఆగకండి. చంటిపిల్లకైనా పాస్‌పోర్టు, వీసా విడిగా ఉండాల్సిందే. ఆరేళ్ళ లోపు ఫీజు లేదు, ఆరు నుంచి పన్నెండు లోపు 45 యూరోలు, పెద్దలకు 90. పన్నెండేళ్ళ లోపు వేలిముద్రలు తీసుకోరు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవాళ్ళ అంగీకారపత్రం, పిల్లల బర్త్ సర్టిఫికెట్ సిద్ధంగా పెట్టుకోండి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే ఇస్తారు, పుట్టగానే తీసినదైతే ఇప్పుడు గడువు దగ్గరపడి ఉంటుంది, ముందు అది చూడండి.

నిన్న మళ్ళీ ఫోన్ చేసింది. వియన్నా ఖాయం చేశారట, మా దగ్గర రెండు రాత్రులు, అక్కడ ఆరు. మ్యూనిక్ నుంచి రైల్లో నాలుగు గంటలు. రైల్‌జెట్ అనే ఆ రైల్లో పిల్లలకోసం ఒక మూల కార్టూన్ సినిమాలు వేస్తారు, ఆ పెట్టెలోనే సీట్లు తీసుకోమన్నాను. గది రెండో అంతస్తు, లిఫ్ట్ వీధి గుమ్మం నుంచే ఉందని ఇంటివాళ్ళు రాసిచ్చారు. "అక్కా, స్టాట్‌పార్క్ ఐదు నిమిషాలే. చిన్నోడు ఒంటిగంటకు అక్కడ పడుకుంటాడు" అంది. స్ట్రోలర్ తీసుకురావద్దన్నాను. మా చిన్నదానిది అటక మీద ఉంది, పెద్ద చక్రాలది. ఈ శనివారం దించి, కడిగి, చక్రాలకు నూనె వెయ్యాలి. వాన కవరు మాత్రం ఒక మూల చిరిగింది, కొత్తది కొనాలి.